దేవుడు వరమిచ్చాడు, రిసెప్షనిస్టు ఇవ్వలేదు

అమెరికాలో పేదలకు డాక్టర్లు కరువని ఎవరన్నారో గానీ, వాళ్లు పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ ప్లాన్ వాళ్లిచ్చే డాక్టర్ల జాబితా చూసి ఉండరు. పెళ్లి శుభలేఖ వెనక బంధుమిత్రుల పేర్లలా ఎంత నిండుగా ఉంటుందో! అందులో పందిట్లోకి వచ్చేదెవరన్నది వేరే సంగతి.

మా పక్కింటావిడ రాత్రిపూట ఆఫీసులు తుడిచే పనికి వెళ్తుంది. షుగర్. కాలి వేలికి పుండు లేచింది. ఆవిడ తరఫున జాబితా ముందేసుకుని నేనే ఫోన్లు చేశాను. మొదటి డాక్టరు రిటైరయ్యారట. మంచిదే, ఆయనకూ విశ్రాంతి కావాలి. రెండో ఆయన వేరే రాష్ట్రానికి మకాం మార్చారు. మూడో నంబరు ఫ్యాక్స్ మెషీన్‌ది. కీచుమంది గానీ, ఫోన్ చేయగానే ఎత్తింది అదొక్కటే. నాలుగో చోట అమ్మాయి గొంతు తేనె. ‘‘రేపు తొమ్మిదింటికి ఖాళీ ఉందండీ. ఇన్సూరెన్స్ ఏమిటి?’’ చెప్పాను. ‘‘ఒక్క నిమిషం’’ అని సంగీతం పెట్టింది. సంగీతం ఆగేసరికి రేపు తొమ్మిది కాస్తా మూడు నెలల తర్వాతకి వెళ్లింది. ఒక్క మాట చెవిన పడితే డాక్టరు గారి డైరీ ఎంత వేగంగా నిండుతుందో!

నాకేదో శని పట్టిందనుకోకండి. 2014లో ఫెడరల్ ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ మనుషులు కూడా ఇలాగే ఫోన్లు తిప్పారు. సగానికి పైగా డాక్టర్ల దగ్గర అపాయింట్‌మెంట్ దొరకలేదు.

డాక్టర్ల లెక్క డాక్టర్లకుంది. అదే బీపీ, అదే స్టెతస్కోపు, కానీ వృద్ధుల మెడికేర్ ఇచ్చినంత చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ ఇవ్వదు. 2013, 14ల్లో కేంద్రం డబ్బిచ్చి ప్రాథమిక వైద్యం ఫీజుని మెడికేర్‌తో సమానం చేసింది. అంటే పేదవాడి గుండె రెండేళ్లు పూర్తి రేటుకి కొట్టుకుంది. డబ్బు ఆగగానే ఎక్కువ రాష్ట్రాల్లో మళ్లీ చవకైపోయింది. అందరితో సమానంగా వైద్యం అందేంత ఫీజు ఇవ్వాలని చట్టంలో ఉంది కదా అని ఐడహో రాష్ట్రంలో మెడికెయిడ్ సేవలందించేవాళ్లు కోర్టుకెక్కారు. ఆ సెక్షన్ పట్టుకుని మీరు దావా వేయడానికి లేదు పొమ్మంది 2015లో సుప్రీంకోర్టు.

చివరికి ఆవిడ ఎమర్జెన్సీకి వెళ్లింది. అక్కడైతే చూడకుండా పంపకూడదని 1986 నుంచి చట్టం. వేలు తీసేశారు. పుండు పుండుగా ఉన్నప్పుడు చూసే దిక్కు లేదు గానీ, కోయడానికి మాత్రం అందరూ సిద్ధం! ఇప్పుడు టీవీలో కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి సెలవిస్తున్నాడు: ఈ మెడికెయిడ్ వాళ్లు అయినదానికీ కానిదానికీ ఎమర్జెన్సీకి పరిగెడతారట, పద్ధతి తెలీదట.

మరెక్కడికి వెళ్లమంటావయ్యా? ఫ్యాక్స్ మెషీన్ దగ్గరికా?