సర్దుకోవాల్సింది జనమేనా?

పీక్ అవర్స్‌లో, అంటే డిమాండ్ బాగా పెరిగే వేళల్లో, కరెంటు వాడకం తగ్గించండి, ఏసీ 24 డిగ్రీల దగ్గర పెట్టుకోండి అని జనానికి చెబుతున్న ప్రభుత్వాలు సొంత కార్యాలయాల్లో ఏం చేస్తున్నాయి?

ఎండ ఉండే ఎనిమిది గంటల్లో కరెంటు కనీసం 20 శాతం చౌకగా ఇవ్వాలని, పీక్ అవర్స్‌లో పరిశ్రమలకు, వ్యాపారాలకు కనీసం 20 శాతం, వ్యవసాయం మినహా మిగతావారికి కనీసం 10 శాతం ఎక్కువ వేయాలని కేంద్రం 2023 జూన్‌లోనే నిబంధనలు మార్చింది. పగలు సోలార్ కరెంటు పుష్కలం. పొద్దు వాలాక డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ 10 రూపాయల దాకా పెట్టి కొనాల్సి రావచ్చు. ఆ అదనపు ఖర్చు ట్రూఅప్ (తర్వాత వసూలు చేసే సర్దుబాటు) పేరుతో మళ్లీ మన బిల్లుల్లోకే వస్తుంది.

ఈ లెక్క అందరికన్నా బాగా కలిసొచ్చేది సర్కారు ఆఫీసులకే. వాటి పనంతా పగలే. ట్యాంకులు మధ్యాహ్నం నింపుకోవచ్చు. సెంట్రల్ ఏసీ ఉన్న భవనాన్ని మూడు, నాలుగు గంటల మధ్య కాస్త ఎక్కువ చల్లబరిచి సాయంత్రం తగ్గించుకోవచ్చు. గోడలు, స్లాబు ఆ చల్లదనాన్ని కొంతసేపు నిలుపుతాయి. అసలు దుబారా డిమాండ్ ఛార్జీల్లో ఉంది. పెద్ద భవనాలకుండే హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌కు వాడిన యూనిట్లతో పాటు ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్‌కూ, అంటే ఒక్కసారిగా పడిన అత్యధిక లోడుకూ, బిల్లు పడుతుంది. పొద్దున్నే చిల్లర్లు (సెంట్రల్ ఏసీకి చల్లదనం ఇచ్చే యంత్రాలు), పంపులు అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే ఆ కాసేపటి లోడు నెల బిల్లునే పెంచేస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి వేస్తే సరిపోయేదానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. అడిగే అధికారి ఉంటే చాలు.

ఆసుపత్రుల్లో కుదరదంటారు. నిజమే, ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ల జోలికి పోకూడదు. లాండ్రీ, నీళ్ల పంపుల వేళలు కూడా మార్చలేరా?

రైతు ఏళ్ల తరబడి అర్ధరాత్రి ఇచ్చిన కరెంటు కోసం టార్చిలైటు పట్టుకుని పొలానికి వెళ్లాడు. పాముకాట్లకు, షాకులకు బలయ్యాడు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ పవర్ హాలిడే ప్రకటిస్తే పరిశ్రమలు మిషన్లు ఆపుకున్నాయి. వాళ్లంతా సర్దుకోగా లేనిది, సర్కారు భవనంలో ఒక్క మోటారు వేళ మారదా? పైగా గడువు దాటితే సామాన్యుడి ఫ్యూజు పీకేస్తారు, ప్రభుత్వ శాఖల బకాయిలు మాత్రం పేరుకుపోతూనే ఉంటాయి.

స్మార్ట్ మీటర్లు పెట్టినంత మాత్రాన బిల్లు తగ్గదు. మీటరు చూపించే లెక్కను ఎవరో ఒకరు చూడాలి. ప్రతి హెచ్‌టీ భవనానికీ ఒక అధికారిని బాధ్యుడిని చేయండి. నెల బిల్లు, గరిష్ఠ డిమాండ్ గుమ్మం దగ్గర బోర్డు మీద రాయించండి. ఆ మాత్రం కూడా చేతకాకపోతే జనానికి పొదుపు పాఠాలు చెప్పడం మానుకోండి.