నలభై రెండో రోజు ఎవరున్నారు?

కార్తీకం వచ్చిందంటే నల్లగొండ, పాలమూరు ఊళ్లలో వైన్స్ ముందు గుంపు కాస్త పలచబడుతుంది. పొద్దుగూకితే క్వార్టర్ పడనిదే ముద్ద దిగని మనిషి అయ్యప్ప మాల వేసి, నల్లబట్టలు కట్టి, తెల్లారగట్ల చన్నీళ్లు పోసుకుని, 41 రోజులు చుక్క ముట్టడు. ఇంట్లోవాళ్లకు ఇదేం వింత కాదు, ఏటా చూసేదే. మాల తీసిన రాత్రి ఏం జరుగుతుందో కూడా వాళ్లకు తెలుసు.

అంటే, "వాడు మానడురా" అని ఊరంతా తేల్చేసిన మనిషి ఏటా నెలా పది రోజులు మానుతూనే ఉన్నాడు. భక్తిని నేను తక్కువ చేయను. కానీ ఆ 41 రోజులూ అతని చుట్టూ ఏమేం ఉన్నాయో చూడండి. అదే దీక్ష ఎన్నోసార్లు చేసి, ఏ రోజు ఏ ఇబ్బంది వస్తుందో ఎరిగిన గురుస్వామి ఉన్నాడు. సరిగ్గా మందు గుర్తొచ్చే వేళకు పూజ, భజన ఉన్నాయి. తోటి స్వాములున్నారు. నిన్నటిదాకా గ్లాసు నింపిన దోస్తే ఇప్పుడు "స్వామీ" అని చేతులు జోడిస్తాడు, బలవంతం చేయడు. 42వ రోజున ఇవన్నీ ఒకేసారి పోతాయి. బామ్మర్ది బాటిల్ తెస్తాడు. రంజాన్ నెలంతా నిగ్రహంగా ఉండి, పండుగ మర్నాడు మళ్లీ మొదలుపెట్టేవాళ్లదీ ఇదే కథ. చర్చిలో చేరి తాగుడు వదిలిన కుటుంబాలు కొన్ని ఎక్కువ కాలం నిలబడటం ఊళ్లలో చూస్తుంటాం. దానికి నాకు తోచిన కారణం ఒకటే, ఆదివారానికి ఆఖరి తేదీ లేదు.

తాగుడు నుంచి బయటపడాలనుకునే మనిషికి కావలసింది 42వ రోజున కూడా ఉండే గురుస్వామి. మన దగ్గర లోటు అక్కడే. ప్రమాణాలకు కొదవ లేదు. చెరువుగట్టు రామలింగేశ్వరుడి గుడి దాకా వెళ్లి ఒట్టేసినవాళ్లున్నారు, బిడ్డ తలమీద చెయ్యి పెట్టి ఒట్టేసినవాళ్లున్నారు. ఒట్టు తప్పాక మిగిలేది సిగ్గు. ఆ సిగ్గు దిగమింగడానికి మళ్లీ అదే సీసా.

ఇక్కడ ఒక హెచ్చరిక. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజే వణుకు, చెమటలు పట్టొచ్చు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావొచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనిపించడమూ ఉంది. ప్రాణాలు పోయే పరిస్థితి అది. మాల వేసుకున్న మూడో రోజున చేతులు వణికితే దోషం తగిలిందనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన జిల్లాల్లో దీనికి కల్లు గొడవ తోడైంది. అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు అలవాటుపడ్డ శరీరం అది అందకపోతే ఇంకా ఎదురు తిరుగుతుంది. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, పాలమూరు లాంటి జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, పిచ్చిచేష్టలతో ఆసుపత్రుల్లో చేరింది ఇందుకే. కాబట్టి మొదటి వారం డాక్టరుది. తోడుండే మనిషి పని ఆ తర్వాత.

తాగుడు మాన్పిస్తాయని భర్తకు తెలియకుండా కూరలో కలిపే మాత్రల సంగతీ చెప్పాలి. వాటిలో చాలాచోట్ల వాడేది డైసల్ఫిరామ్. డాక్టరు పర్యవేక్షణలో, రోగికి తెలిసి వేసుకుంటే అది పనికొచ్చే మందే. అది ఒంట్లో ఉందని తెలియక మద్యం తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావొచ్చు. ఆ ఇల్లాలి దుఃఖం నాకు అర్థమవుతుంది, ఆ దారి మాత్రం వద్దు.

తోడు అనే ఆలోచన అమెరికాలో ఎలా పుట్టిందో చూస్తే ఆసక్తిగా ఉంటుంది. 1935లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్ వ్యాపారం పని మీద ఆక్రన్ పట్టణానికి వెళ్లాడు. తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. పని చెడింది, హోటల్ లాబీలో ఒంటరిగా ఉన్నాడు, పక్కనే బార్. తనను ఆపేవాడి కోసం అతను వెతకలేదు. చర్చిలకు ఫోన్లు చేసి, తాను మాట్లాడటానికి ఇంకో తాగుబోతును చూపించమన్నాడు. అలా దొరికినవాడే డాక్టర్ బాబ్ స్మిత్. వాళ్లిద్దరి మాటల్లోంచి ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) పుట్టింది. ముందు మానేసినవాడు వెనక వచ్చేవాడికి తోడుండే పద్ధతి అక్కడ మొదలైంది, ఆ మనిషిని వాళ్లు స్పాన్సర్ అంటారు. ఇది ఇచ్చేవాడినీ కాపాడుతుంది. ఫలితం ఉందా అంటే, 2020లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు ఈ దారిలో నడిపించిన చికిత్సలో సుమారు 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం. అద్భుతమేమీ కాదు. కానీ మీటింగులకు, స్పాన్సర్‌కు ఫీజు లేదన్నది మరచిపోవద్దు.

మన ఊళ్లో ఎవరిని వెతకాలి? భార్యను మాత్రం ఆ పనిలో పెట్టకండి. లెక్కలడిగే మనిషి, దెబ్బలు తిన్న మనిషి, అప్పు తీర్చే మనిషి ఆమే. ఆమెకే ఇంకొకరి తోడు కావాలి. పని ఇచ్చే గుంపు మేస్త్రి వద్దు. వారం కూలీ చేతిలో పెట్టి, అదే చేత్తో సీసా కూడా అందించే మేస్త్రీలున్నారు. అప్పిచ్చినవాడు, ఓటు అడిగేవాడు అసలే వద్దు. 2022 మునుగోడు ఉప ఎన్నికప్పుడు మందు ఏ స్థాయిలో పారిందో అన్ని పార్టీలకూ తెలుసు. తాను తాగి, మానేసి, కనీసం ఏడాది నిలబడ్డవాడు కావాలి. మాట బయట పెట్టనివాడు, రాత్రి ఫోన్ ఎత్తేవాడు కావాలి. డబ్బు మాట ఎత్తకూడదు.

పక్క ఊరివాడైతే ఇంకా మేలంటాను నేను. అమెరికావాళ్లకు తాగుడు దాచుకోవడం సమస్య. మూడొందల గడపల ఊళ్లో ఎవరు ఎంత తాగుతారో అందరికీ తెలుసు, దాచుకోవాల్సింది మానేస్తున్న సంగతి. "ఏందిరా, పెద్దమనిషివైనవా?" అని బెల్టు షాపు దగ్గర ఒక్కరు నవ్వితే చాలు, పట్టుదల సగం చస్తుంది. బండి మీద అరగంట దూరంలో ఉన్నవాడికి ఆ నవ్వుతో, ఊరి పంచాయితీలతో, కులం లెక్కలతో పని ఉండదు.

తోడున్నవాడు చేసేది పెద్ద ఉపన్యాసం కాదు. ఒక సాయంత్రం ఫోన్ ఇలా ఉంటుంది.

"అన్నా, మా బామ్మర్ది కొడుకు దావత్. ఒక్కటే తాగొస్త."

"తిన్నవా?"

"లే."

"ముందు బువ్వ తిను. తిన్నంక మల్ల చెయ్యి. ఫోన్ పట్టుకునే కూసుంట."

అంతే. కడుపు కాలుతున్నప్పుడు, కోపంలో, ఒంటరితనంలో, అలసటలో మందు ఎక్కువగా లాగుతుంది. ఆ ఊపు సాధారణంగా అరగంటలోపు తగ్గుతుంది. ఆ అరగంట గడిపించడమే అతని పని. పొరపాటున మళ్లీ తాగినా తెల్లారి అదే నంబరుకు ఫోన్ చేయగలగాలి. "నువ్వు మారవు" అనే మాట అతని నోట రాకూడదు. ముంబై, పుణె సైట్లకు వలసపోయే పాలమూరు కూలీకైతే ఈ ఫోన్ తప్ప వేరే దారి లేదు.

ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. కూలికి పోయి వచ్చి ఒళ్లు నొప్పులకని కల్లు తాగే ఆడవాళ్లు ఈ జిల్లాల్లో ఎందరో. వాళ్లలో చాలామందికి అయ్యప్ప మాల లేదు, భజన లేదు, సానుభూతి అసలే లేదు. వాళ్లకు తోడు మగవాడు కాకూడదు, మానేసిన ఇంకో ఆడమనిషే కావాలి. మహిళా సంఘాల మీటింగులో అప్పు కిస్తీల లెక్క అయ్యాక పది నిమిషాలు దీనికిస్తే అలాంటి మనిషి బయటికొస్తుందని నా అనుమానం.

కేంద్ర సర్కారు 2020లో నషా ముక్త్ భారత్ (మత్తు లేని భారత్) కార్యక్రమం మొదలుపెట్టింది. ర్యాలీలు, ప్రతిజ్ఞలు బాగానే జరుగుతున్నాయి. అదీ ఒక రకం ఒట్టే. ఎయిమ్స్ చేయగా 2019లో కేంద్రం విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆ ఒక్కరూ ఆసుపత్రి గేటు దాటాక ఏమవుతున్నారో అడిగే దిక్కు లేదు. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే సలహా దొరుకుతుంది, అవసరమే. హైదరాబాద్‌లో ఏఏ మీటింగులున్నాయి, ఆన్‌లైన్‌లోనూ జరుగుతాయి. కానీ దేవరకొండలో, అచ్చంపేటలో ఉన్న మనిషికి తన యాసలో మాట్లాడే గొంతు కావాలి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి. వాటి మానసిక వైద్య విభాగాల్లో చికిత్స పొంది ఏడాదిగా తాగకుండా ఉన్నవాళ్లలో ఇష్టపడేవాళ్ల పేర్లు రాసుకుని, కొద్దిగా శిక్షణ ఇచ్చి, బస్సు చార్జీలు ఇవ్వడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. మద్యం మీద వచ్చే ఆదాయంలో అది లెక్కలోకి కూడా రాదు. రోగిని డిశ్చార్జి చేసేటప్పుడు మందుల చీటీ మీద, మాత్రల కిందే ఒక మనిషి ఫోన్ నంబరు రాసివ్వాలి. వార్డు వదలకముందే ఒకసారి ఆ నంబరుకు కలిపి ఇద్దరినీ మాట్లాడించాలి.