వనామీ చెరువు అల్లుడు గారికి

అల్లుడు గారూ, దండాలండి. ఆయ్, మిమ్మల్నేనండి, కాకినాడ దగ్గర తాళ్లరేవు వైపు గట్లేసుకుని కూర్చున్న వనామీ రొయ్యల చెరువు గారూ. మీ రొయ్యది ఎక్కడో పసిఫిక్ తీరం సంబంధం, 2009లో పర్మిషన్ వచ్చిందో లేదో మావాళ్ళు పీటేసి కూర్చోబెట్టేశారు. గోదారోళ్ళ మర్యాద తెలిసిందే కదా, అల్లుడు నోరు తెరిచి అడిగాక పెట్టడం మాకు నామోషీ. అందుకే పూటపూటకీ మేత, రాత్రంతా ఏరేటర్ల గాలి, కరెంటు పోతే జనరేటరు, పైనుంచి కొంగ దిష్టి తగలకుండా దారాల పందిరి. ఇన్ని చేసినా వైట్ స్పాట్ తెగులు వచ్చిందంటే వారం తిరక్కుండా అలిగి తేలిపోతారు.

మీకు గది ఇవ్వడానికి చాలాచోట్ల ఎవర్ని ఖాళీ చేయించామో మీకెవరూ చెప్పుండరు. మడ అడవి అని ఒక ముసలావిడ. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లంతా ఆవిడ సంసారమే. ఆవిడా రొయ్యల్నే పెంచేదండి, కాపోతే కరెంటు బిల్లు లేకుండా. ఆకు రాలి బురదలో కుళ్ళేది, ఆ కుళ్ళుని పురుగులూ పీతలూ తినేవి, పోటుతో సముద్రంలోంచి వచ్చిన టైగర్ రొయ్య పిల్లలూ పండుగప్ప పిల్లలూ బురదలోంచి పైకి లేచే ఆవిడ ఊపిరివేళ్ళ సందుల్లో దాక్కుని బలిసి మళ్ళీ సముద్రంలోకి పోయేవి, వాటికోసం నీటికుక్కలు, వాటికి పోటీగా బావురుపిల్లి (నీళ్ళలోకి దూకి చేపని పట్టే పిల్లండి బాబూ, మా ఇంట్లోదాని మీద చెంబుడు నీళ్ళు పోస్తే ఊరు లేచిపోద్ది), చలికాలం వస్తే ఎక్కడెక్కడి దేశాల పిట్టలో బురదలో ముక్కులు గుచ్చుకుంటా. ఇంతమంది తిన్నాక కూడా మా వలలకి మిగిలేది. మేత బస్తా ఒక్కటి కొన్న పాపాన పోలేదు ఆవిడ.

అలాగని ఆవిడని పూర్తిగా రోడ్డున పడేయలేదులెండి. 1978లో కోరింగలో 235 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అని రాసిచ్చాం, ఆదివారం ఆదివారం వెళ్ళి చెక్కవంతెన మీద సెల్ఫీలు దిగొస్తున్నాం. బావురుపిల్లికే ఆ హద్దురాళ్ళు చదవడం రాదు.

మీ హోదా ముందు ఆవిడెంతలెండి. 1996లో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల చెరువులు తీసేయమంది, 2005కల్లా మీ కోసం చట్టమే వచ్చింది. మా ఇంట్లో ఏ అల్లుడికీ ఇంత పలుకుబడి లేదు.

నేనేదో పెద్ద నీతిమంతుణ్ణి అనుకోకండి, మా అరెకరం కూడా మీకే ఇచ్చాను. పక్కచెరువు ఉప్పు దిగి వరి ఎర్రబడ్డాక ఇంకేం చేస్తాం.

మొన్న తెల్లారగట్ల గట్టు మీద బురదలో అడుగులు కనపడ్డాయి. వాచ్‌మన్ కుక్కవన్నాడు. ఆ వేళ్ళ తీరు చూస్తే నాకు కుక్కలా అనిపించలేదు, అయినా నేనూ కుక్కేలే అన్నాను. మీరూ అలాగే అనుకోండి, దానిక్కూడా ఓ వల కట్టించమని మళ్ళీ నాకు చెప్పకండి.

అన్నట్టు ఈ ఏడు లీజు డబ్బులు ఇంకా పడలేదండి, ఓసారి చూడండి, ఆయ్.

ఇట్లు,
మీ మావయ్య