పొట్టలో పంపు ఉన్నవాళ్లకు వస్తున్న ఆ మెసేజ్ గురించి

నడుము నొప్పికి పంపు (పొట్ట చర్మం కింద అమర్చి, మార్ఫిన్ లాంటి నొప్పి మందును సన్నటి గొట్టం ద్వారా వెన్నులోకి తోసే పరికరం) పెట్టించుకున్నవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మార్ఫిన్ పనిచేయట్లేదా? మందు మార్పించుకోండి. ఆపరేషన్ అక్కర్లేదు, పాతది లాగేసి కొత్తది పోస్తారు, సాయంత్రానికి నొప్పి మాయం. డోసు కూడా అంతే. నత్త మందైతే సైడ్ ఎఫెక్టులే ఉండవు, మార్ఫిన్ ఆ రోజే ఆపేయొచ్చు." నాకే ముగ్గురు పంపారు. ఇందులో ఆపరేషన్ అక్కర్లేదన్న ముక్క వరకూ నిజం.

"పాతది లాగేస్తారు, సాయంత్రానికి మాయం." లాగేది రిజర్వాయర్‌లో, అంటే పంపులో మందు నిల్వ ఉండే అరలో ఉన్నదాన్ని మాత్రమే. నా రీఫిల్ అప్పుడు ప్రతిసారీ చూస్తాను: చర్మం మీద టెంప్లేట్ (సూది ఎక్కడ దించాలో చూపించే అచ్చు) ఆనించి మధ్యలోంచి సూది దించుతారు, అది అడుగున లోహానికి తగిలి ఆగుతుంది, సిరంజిలోకి వచ్చిన పాత మందు ఎన్ని మిల్లీలీటర్లో చూసి పంపు చూపించే లెక్కతో పోల్చుకుంటారు. కానీ పంపు లోపలి గొట్టంలో, అక్కడి నుంచి వెన్నులోకి వెళ్లే క్యాథెటర్‌లో ఉన్న పాత మందు ఎక్కడికీ పోదు. ఆ దారిలో 0.4 మిల్లీలీటర్లు ఉండి పంపు రోజుకు 0.1 చొప్పున తోస్తోందనుకోండి, కొత్త మందు వెన్ను దాకా చేరడానికే 4 రోజులు. ఇంక సాయంత్రం ఎక్కడిది? ఈలోగా కొత్త మందు లెక్కన వేగం పెంచేశారా, దారిలో ఉన్న మార్ఫినే ఎక్కువెక్కువగా వెన్నులో పడుతుంది, ఊపిరి మందగించే ప్రమాదం కూడా ఉంది. అందుకే బ్రిడ్జ్ బోలస్ అని విడిగా ప్రోగ్రామ్ చేస్తారు. పాతది ఖాళీ అయ్యేదాకా పాత లెక్క, ఆ తర్వాతే కొత్తది.

"డోసు అంతే." అదెలా? మార్ఫిన్ బదులు పంపులో పోసే హైడ్రోమార్ఫోన్ అనే మందు మార్ఫిన్ కంటే సుమారు 5 రెట్లు ఘాటు. అంతే డోసు పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

"నత్త మందు" అంటే జికోనొటైడ్. సముద్రపు శంకు నత్త విషంలోని పదార్థాన్ని పోలిన మందు, 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. దీంతో ఊపిరి మందగించదు, ఉన్నపళంగా ఆపినా విత్‌డ్రాయల్ (అలవాటైన మందు ఆపితే ఒళ్లు పడే బాధ) రాదు, ఇవి నిజమే. కానీ తల తిరగడం, అయోమయం, లేనివి కనిపించడం లాంటివి రావచ్చు. గతంలో సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక జబ్బు) వచ్చినవాళ్లకు అసలు ఇవ్వకూడదు. మొదలు రోజుకు 2.4 మైక్రోగ్రాములకు మించదు, పెంచడం కూడా మెల్లగా, వారాల తరబడి. పైగా ఇది మార్ఫిన్ జాతి మందు కాదు కాబట్టి మార్ఫిన్ విత్‌డ్రాయల్‌ను ఆపలేదు. మార్ఫిన్ ఆ రోజే ఆపేస్తే చెమటలు, వాంతులు, ఒళ్లు నొప్పులు, నిద్రలేని రాత్రులు మీవి, మెసేజ్ పంపినాయనవి కావు.

ఇంతకీ నాకు ఎక్కువ కోపం తెప్పించింది మొదటి వాక్యమే. నొప్పి పెరిగితే తప్పు మందుదేనని ఎవరు చెప్పారు? క్యాథెటర్ మడతపడొచ్చు, జారొచ్చు, చిరగొచ్చు, అప్పుడు ఏ మందు పోసినా వెన్నుకు చేరదు. ఇంకోటి, చిక్కటి మార్ఫిన్ చాలాకాలం వెళ్తే క్యాథెటర్ కొన దగ్గర గ్రాన్యులోమా అనే గడ్డ కట్టొచ్చు, అది వెన్నుపామును నొక్కుతుంది. ఎమ్మారైలో తెలుస్తుంది. కాళ్లలో కొత్తగా తిమ్మిరి, బలహీనత, మూత్రం పట్టు తప్పడం ఉంటే ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి, వచ్చే రీఫిల్ దాకా ఆగొద్దు.