పదహారేళ్లకే స్కూటీ తాళమా?

గుంటూరు. ఇంటర్ మొదటి ఏడాది చదువుతున్న పిల్లాడికి ట్యూషన్ 4 కిలోమీటర్ల దూరం. స్కూటీ ఇచ్చేద్దామంటాడు మేనమామ. కుదరదంటుంది పిల్లాడి తల్లి.

తమ్ముడు: ఇంకా ఎన్నాళ్లక్కా, బావ దింపి రావడం? వాడి ఈడు పిల్లలు ఊళ్లో టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్ మీద గడ్డిమోపులు తెస్తున్నారు.

అక్క: తెస్తున్నారు, లైసెన్సు లేకుండా. ఎక్సెల్‌కి లైసెన్సు అక్కర్లేదని సగం ఊరి నమ్మకం. ఇప్పుడొచ్చే దాని ఇంజను 100 సీసీ. 16 ఏళ్లకు చట్టం ఒప్పుకునేది గేర్లు లేని, 50 సీసీ దాటని బండికే. అలాంటిది ఏ షోరూములో ఉందో చూపించు.

తమ్ముడు: పట్టుకుంటే చలానా కడదాం.

అక్క: చలానాతో పోయేదా? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 199ఎ సెక్షన్ పెట్టారు. మైనరు బండి నడిపి దొరికితే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. వాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. నీ పేరున ఉన్న బండి ఇస్తే ఇరుక్కునేది నువ్వు కూడా. ‘మాకు తెలీకుండా తీసుకెళ్లాడు’ అంటే, అది రుజువు చేసుకోవాల్సింది మనమే.

తమ్ముడు: ఇన్సూరెన్సు ఉందిగా?

అక్క: వాడు ఎవరినైనా గుద్దితే, దెబ్బ తిన్నవాళ్లకు కంపెనీ పరిహారం కట్టి, ఆ డబ్బు మన దగ్గర వసూలు చేసుకోవచ్చు. లైసెన్సు లేనివాడికి బండి ఇవ్వడం పాలసీ షరతుకే విరుద్ధం.

తమ్ముడు: సరే, చట్టం నీ పక్షమే. మరి 18 నిండేదాకా హ్యాండిల్ ముట్టనివ్వకపోతే ఏమవుతుందో చెప్పనా? హాస్టల్‌కి వెళ్లిన నెలలోనే ఫ్రెండు బైకు తీస్తాడు, అదీ రాత్రిపూట, హెల్మెట్ లేకుండా. నేర్పేది ఇంకో పద్దెనిమిదేళ్ల వాడు. దానికన్నా మన కళ్లముందు నేర్చుకోవడం నయం కాదూ?

అక్క: ఆ మాట కాదనను. కానీ నేర్పేది రోడ్డు మీద కాదు. కాలేజీ గ్రౌండూ వద్దు, జనం వచ్చిపోయే చోటు ఏదైనా చట్టం దృష్టిలో రోడ్డు లెక్కే. గేటు వేసుకునే మిల్లు ఆవరణ అయితే సరే.

తమ్ముడు: నాకు కావాల్సిందీ అదే. మొదట ఇంజను ఆపి తోయిస్తాను, బండి బరువు చేతికి తెలియాలి. తర్వాత సీటు మీద కూర్చుని, రెండు కాళ్లూ నేలకు ఆనిస్తూ నడిపించడం. గేర్లు లేని బండితో అసలు చిక్కు ఎక్కడంటే, కంగారులో కుడిచెయ్యి బ్రేకు లీవరు పట్టుకుంటుంది, యాక్సిలరేటర్ మాత్రం వదలదు. మణికట్టు వెనక్కి వంగేకొద్దీ బండి ముందుకు దూకుతుంది. అందుకే ముందు యాక్సిలరేటర్ వదలడం, ఆ తర్వాతే బ్రేకు. అది చేతికి అలవాటయ్యేదాకా ఇంకేమీ నేర్పను. ఇసుక మీద, తడి నేల మీద ముందుచక్రం బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. అదీ నెమ్మది స్పీడులో చూపిస్తాను. చివర్న ఎనిమిది అంకె తిప్పడం. ఆర్టీవో ట్రాక్ మీద కాలు కింద పెట్టినందుకే చాలామంది ఫెయిలవుతారు.

అక్క: హెల్మెట్ ఐఎస్ఐ గుర్తుది కొను, సైజు చూసి. పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్లకు మించి దూరకూడదు. తల ఊపితే హెల్మెట్ కదిలిందా, అది వాడి సైజు కాదు. ఇంతకీ ట్యూషన్‌కి ఎట్లా వెళ్తాడు?

తమ్ముడు: ఎలక్ట్రిక్‌ది కొందాం. మోటారు 250 వాట్ల లోపు, స్పీడు గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు. ఈ మూడూ కుదిరితే లైసెన్సు, రిజిస్ట్రేషన్ రెండూ అక్కర్లేదు.

అక్క: కొన్నిచోట్ల స్పీడు లాక్ తీసి 45 చేసిస్తారు. తీశారంటే అది మామూలు మోటారు బండే. అప్పుడు రిజిస్ట్రేషన్ లేదు, ఇన్సూరెన్సూ లేదు, మళ్లీ అదే కేసు. పైగా వెనక ఫ్రెండుని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కితే అంత చిన్న మోటారు ఈడ్వలేదు. పక్కనుంచి లారీలు పోతుంటాయి.

తమ్ముడు: ఫ్లైఓవర్ కింద నుంచే పొమ్మందాం. లాక్ సంగతి బిల్లు మీద రాయిస్తాను.

అక్క: బిల్లు కాదు, మీటరు చూడాలి. బావ వెనక బండి మీద వెళ్లి ఎంత వేగం పోతోందో కొలుస్తారు, నెలకోసారి. ఆ బండి కొనేదాకా సైకిలే.

తమ్ముడు: 18 నిండిన రోజే ఎల్‌ఎల్‌ఆర్‌కి, అదే లెర్నర్ లైసెన్సుకి, స్లాట్ బుక్ చేస్తా. 30 రోజులాగితే టెస్టు.

అక్క: చెయ్యి. ఆ 30 రోజులూ ముందూ వెనకా ఎర్ర ‘ఎల్’ బోర్డు ఉండాలి, వెనక సీట్లో ఫ్రెండు ఉండకూడదు.