జూలియెట్ అడిగింది "ఎక్కడ" అని కాదు

షేక్‌స్పియర్ నాటకం "రోమియో అండ్ జూలియెట్" మీద ఒక బొమ్మ ఉంది. అందులో మేడ మీద జూలియెట్ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చీకట్లోకి చూస్తుంటుంది. కింద "వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ, రోమియో?" అన్న లైను, పక్కనే "ఎక్కడున్నావు రోమియో?" అని అర్థం. ఈ బొమ్మ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. దానికి తోడు ఒక వివరణ కూడా ఇస్తున్నారు: వేర్‌ఫోర్ అనేది వేర్‌కి (అంటే ఎక్కడ) పాత రూపమట, జూలియెట్ ప్రియుణ్ణి వెతుక్కుంటోందట, "ఎందుకు" అని అర్థం చెప్పుకుంటే వాక్యమే పొసగదట. మూడూ తప్పే.

పాతకాలపు ఇంగ్లిష్‌లో వేర్ ఇంకో మాటతో కలిస్తే చోటు సంగతి వదిలేసి "ఏది" అన్న అర్థమిస్తుంది. వేర్‌ఇన్ అంటే దేనిలో, వేర్‌బై అంటే దేనివల్ల, వేర్‌ఫోర్ అంటే దేనికోసం. అంటే ఎందుకు. దేర్‌ఫోర్ దీని జంట, అర్థం "అందుకు". తెలుగువాళ్లకు ఇందులో వింతేమీ లేదు. "ఎందెందు వెదకి చూచిన" అన్న పోతన పద్యంలో ఎందు అంటే ఎక్కడ. దానికి "కు" చేరితే ఎందుకు. "అందు"కి "కు" చేరితే అందుకు. వేర్‌ఫోర్, దేర్‌ఫోర్‌ల కట్టుబడి అచ్చం ఇదే. "ఎందుకొచ్చావు" అన్నదానికి "ఎక్కడికొచ్చావు" అని మనలో ఎవరం అర్థం చెప్పం.

ఇక వెతుకులాట. రెండో అంకం రెండో రంగంలో రోమియో కింద తోటలోనే ఉండి ఆమె మాటలు వింటుంటాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు. విందులో అతన్ని కలిసింది ఆ రాత్రే. రెండు కుటుంబాలకూ పగ. అలాంటిది శత్రువుల ఇంటి గోడ దూకి వస్తాడని ఆమె అనుకోనే లేదు. అతను మాట కలిపాక "ఇక్కడికెలా వచ్చావు, ఎందుకొచ్చావు?" అని అడుగుతుంది. ఆ "ఎందుకు" దగ్గర కూడా షేక్‌స్పియర్ రాసింది వేర్‌ఫోరే. ఎదురుగా ఉన్న మనిషిని ఎక్కడని అడగదు కదా! షేక్‌స్పియర్ ఇంకో నాటకంలో హత్య చేసి వచ్చిన మాక్‌బెత్, తన నోట ప్రార్థన చివర అనే ఆమెన్ ఎందుకు పలకలేదని కుమిలిపోయేదీ ఈ మాటతోనే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో నీళ్లలో మునిగిపోబోతున్న పేతురుతో యేసు "వేర్‌ఫోర్ డిడ్‌స్ట్ దౌ డౌట్" అంటాడు. తెలుగు బైబిల్లో అదే చోట ఉన్నది "ఎందుకు".

నిజంగా ఆలోచించాల్సింది మూడో వాదన. గొడవంతా మాంటెగ్యూ అనే రోమియో ఇంటిపేరుతో కదా, మరి "నువ్వు రోమియోవి ఎందుకయ్యావు" అని అడగడమేంటి? జవాబు తర్వాతి లైన్లలోనే ఉంది: నీ తండ్రిని కాదను, నీ పేరు వదులుకో. నాకు శత్రువు నీ పేరే తప్ప నువ్వు కాదు. గులాబీని ఏ పేరుతో పిలిచినా ఆ వాసన పోదు, రోమియో అని పిలవకపోయినా నీ గొప్పతనం తగ్గదు. ఇంకా పద్నాలుగేళ్లు కూడా నిండని పిల్ల. ఇంటిపేరేది, పెట్టిన పేరేది అని విడదీసి చూసే స్థితిలో లేదు. ఆ మనిషిని తనకు దూరం చేసే పేరు మొత్తం ఆమెకు ఒక్కటే. "ఎక్కడ" అని పెట్టేస్తే పేరు గురించిన ఈ వేదనంతా తలాతోకా లేనిదైపోతుంది. మనసు మెలిపెట్టే ప్రశ్నను దాగుడుమూతల ఆటగా మార్చడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఆ బొమ్మలో దౌ తర్వాత పెట్టిన కామా కూడా తప్పే. దాంతో రోమియో సంబోధన అయిపోయాడు. 1599లో అచ్చయిన ప్రతిలో అక్కడ కామా లేదు. దాన్ని తీసేసి, చివరి రోమియో మీద ఒత్తి పలకండి.