కప్పు వెనిగర్, అర కప్పు వంట సోడా: ఒక వాషింగ్ మెషీన్ చిట్కాకు ఖండన

నిజాంపేట్‌లోని మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోకి ఒకే సందేశం ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. “నెలకొకసారి వాషింగ్ మెషీన్ డ్రమ్ములో కప్పు వెనిగర్, అర కప్పు వంట సోడా, గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి ఖాళీగా తిప్పండి. మురికి మొండిదైతే చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కూడా కలపండి. బట్టలు తీయగానే తలుపు గట్టిగా మూసేయండి. ఇక మెషీన్‌ను విప్పే పనే ఉండదు” అన్నది దాని సారాంశం. పంపినవారు మేలు కోరే పంపారు, అందులో సందేహం లేదు. కానీ ఇందులో ఒక మాట ప్రాణానికే ముప్పు, ఒకటి వృథా, మిగిలినవి అరకొర నిజాలు.

ముప్పుతోనే మొదలుపెడతాను. బ్లీచింగ్ పౌడర్‌కు వెనిగర్ గానీ మరే ఆమ్లం గానీ తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. చెంచాడు పౌడర్‌తో యుద్ధం జరగదు గానీ, మన ఫ్లాట్లలో మెషీన్ ఉండేది వంటింటి వెనుక ఇద్దరు నిలబడలేని వాష్ ఏరియాలోనో, కిటికీ సరిగా తెరుచుకోని బాత్రూములోనో. అక్కడ మూత ఎత్తి లోపలికి వంగి చూసేవారికి కళ్లు మండడం, దగ్గు, ఊపిరాడకపోవడం కలుగుతాయి. ఉబ్బసం ఉన్నవారికైతే పరిస్థితి మరింత విషమిస్తుంది. ఎవరైనా ఇప్పటికే కలిపి ఉంటే వాసన చూస్తూ అక్కడే నిలబడకుండా తలుపులు తెరిచి వెంటనే బయటికి వచ్చేయాలి. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో బ్లీచ్‌కు అనుమతి ఉంటే దాన్ని వేరే రోజున, ఒక్కదాన్నే వాడుకోవచ్చు. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో కలపకూడదన్నదీ ఇందుకే.

ఇక అసలు చిట్కా విషయానికి వద్దాం. వెనిగర్ ఆమ్లం, వంట సోడా క్షారం. రెండూ కలిసినప్పుడు బుసబుస పొంగే నురుగును చూసి మురికి కరుగుతోందని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ పొంగు బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) బయటికి పోవడం మాత్రమే. పొంగు చల్లారాక మిగిలేది నీళ్లు, వాటిలో కరిగిన సోడియం ఎసిటేట్ అనే ఒక లవణం. అది గారను, అంటే కఠిన నీళ్ల వల్ల గట్టిగా పట్టే తెల్లటి పొరను కరిగించదు, జిడ్డునూ విడదీయదు.

కొలతలతోనే లెక్క వేద్దాం. అంగట్లో దొరికే మామూలు వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం నూటికి నాలుగైదు పాళ్లే కాబట్టి, 200 మిల్లీలీటర్ల కప్పులో అది 8 నుంచి 10 గ్రాములకు మించదు. దాన్ని పూర్తిగా విరిచేయడానికి 11 నుంచి 14 గ్రాముల సోడా, అంటే రెండు మూడు చిన్న చెంచాలు చాలు. సందేశం వేయమన్నది అర కప్పు, అంటే ఇంచుమించు వంద గ్రాములు. పోసిన వెనిగర్ అంతా అక్కడికక్కడే ఖర్చయిపోయి, చివరికి డ్రమ్ములో తిరిగేది పలచని సోడా నీళ్లు మాత్రమే.

లెక్కల మీద నమ్మకం లేనివారి కోసం ఒక చిన్న పరీక్ష కూడా చేశాను. మా గీజరు కాయిల్ మార్చినప్పుడు రాలిన తెల్లటి గార పెచ్చులను దాచి ఉంచాను. వాటిలో ఒకదాన్ని సందేశంలోని పాళ్ల ప్రకారం కలిపిన గ్లాసులో, ఇంకొకదాన్ని చెంచాడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపిన గోరువెచ్చని నీళ్ల గ్లాసులో వేశాను. నిమ్మ ఉప్పు గ్లాసులో పెచ్చు చుట్టూ సన్నని బుడగలు వరుసగా లేచాయి. రాత్రయ్యేసరికి అడుగున చిటికెడు ఇసుకలాంటి మడ్డి మాత్రమే మిగిలింది. మొదటి గ్లాసులోని పెచ్చు మర్నాడు ఉదయం కూడా అంచుల పదును పోకుండా అలాగే ఉంది.

ఈ గోలంతా దేనికంటే, మెషీన్‌లో పేరుకునే మురికి ఒక్కటి కాదు, రెండు. మొదటిది గార. మంజీరా, కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చే ఇళ్లలో ఇది తక్కువ. బోరు నీళ్లతోనో, వేసవిలో ట్యాంకర్ తెచ్చి సంపులో నింపిన నీళ్లతోనో నెట్టుకొచ్చే ఇళ్లలో ఎక్కువ. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500 ప్రకారం తాగునీటి మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 600 వరకు సహించవచ్చు. సబ్బు రుద్దితే నురుగు రాకుండా విరిగిన పాలలా తెల్లగా తేలుతోందంటే నీళ్లు కఠినమైనవనే అర్థం. అటువంటి నీళ్లు వేడెక్కినప్పుడు వాటిలోని కాల్షియం బైకార్బొనేట్ కార్బొనేట్‌గా మారి, ఫ్రంట్ లోడ్ మెషీన్ హీటరు మీద పొరలు పొరలుగా పట్టుకుంటుంది. దీనికి ఆమ్లమే మందు. సోడా కలపకుండా నిమ్మ ఉప్పు గానీ, కంపెనీ చెప్పిన డీస్కేలింగ్ పౌడర్ గానీ వేసి ఖాళీగా తిప్పాలి.

రెండోది జిడ్డు. మిగిలిపోయిన డిటర్జెంటు, బట్టల మెత్తదనానికి పోసే కండిషనర్, ఒంటి నూనె, బట్టల నూగు కలిసి లోపలి డ్రమ్ముకూ బయటి టబ్బుకూ మధ్య పాకుడులా అంటుకుంటాయి. ముక్కిన వాసన వచ్చేదీ, ఉతికిన తెల్లచొక్కా మీద నల్లటి తునకలు కనిపించేదీ దీనివల్లనే. ఎప్పుడూ చన్నీళ్లతోనే ఉతికే ఇళ్లలో, వాసన వస్తోందని ఇంకాస్త పౌడరు, ఇంకాస్త కండిషనర్ పోసే ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. ఇక్కడ ఆమ్లం కంటే వేడి, క్షారం బాగా పనిచేస్తాయి. మెషీన్ అనుమతిస్తే 60 డిగ్రీల వేడిలో టబ్ క్లీన్ పౌడర్‌తోనో, బట్టల సోడాతోనో తిప్పాలి. హీటరు లేని టాప్ లోడ్ అయితే, ఎంత వేడి తట్టుకుంటుందో పుస్తకంలో చూసుకుని గీజరు నీళ్లు పోసుకోవచ్చు. ఏళ్ల తరబడి పేరుకున్నదైతే మెకానిక్ వచ్చి టబ్బు ఊడదీసి రుద్దవలసిందే.

రాళ్ల ఉప్పు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. బోరు నీళ్లను మనం ఉప్పు నీళ్లు అంటాం, నీళ్లను మెత్తబరిచే యంత్రాల్లోనూ ఉప్పు పోస్తాం. బహుశా ఈ రెండూ కలిసి ఈ చిట్కా పుట్టి ఉంటుంది. ఆ యంత్రాల్లో ఉప్పు పని అలసిపోయిన రెజిన్‌ను, అంటే నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకునే పూసలను మళ్లీ సిద్ధం చేయడం, నీళ్లను మెత్తబరిచేది రెజినే. డ్రమ్ములో పోసిన ఉప్పు కాల్షియాన్ని తీయకపోగా, స్టీలుకు చిల్లుల తుప్పు పట్టడానికి తోడ్పడుతుంది.

తలుపు మూయమన్న సలహాలో కొంత న్యాయముంది, మన బాల్కనీల్లో బల్లులకూ బొద్దింకలకూ కొదవ లేదు. అయినా తడి ఆరకముందే మూస్తే బూజును పిలిచి పీట వేసినట్టే. ముందు తలుపు రబ్బరు మడతను వేలితో లాగి పొడిబట్టతో తుడిచి, రెండు మూడు గంటలు ఓరగా తెరిచి ఉంచి, ఆ తర్వాత మూసుకోవచ్చు. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం పెద్దల కన్ను ఉన్నంతసేపే తెరిచి ఉంచాలి. పిల్లలు లోపలికి దూరి ఇరుక్కునే ప్రమాదం ఉంది.

చివరిది, విప్పే పనే ఉండదన్న హామీ. మా పై అంతస్తు వదినగారు ఈ చిట్కాను మూడు నెలలు తు.చ. తప్పక పాటించారు, వాసన మాత్రం పోలేదు. వారి ఫ్రంట్ లోడ్ ముందు భాగంలో కింద మూలన ఉన్న చిన్న మూత తెరిచి, పళ్లెం పెట్టి, ఫిల్టర్‌ను మెల్లగా తిప్పాను. మొదట గ్లాసుడు నల్లటి నీళ్లు మురుగు కంపుతో వచ్చాయి. వెనకాలే రెండు రూపాయల నాణెం, తుప్పు పట్టిన పిన్నీసు, పసివాడి మేజోడు, తడిసిన దూదిలాంటి నూగు ముద్ద బయటపడ్డాయి. డ్రమ్ములో ఏం పోసినా ఆ నాణెం కరగదు, ఆ మేజోడు కదలదు. టాప్ లోడ్ మెషీన్లకైతే ఈ పని లోపలి గోడకుండే వల సంచిని వారానికొకసారి తిరగేసి కడగడంతో సరిపోతుంది. ఫ్రంట్ లోడ్ ఫిల్టర్‌ను నెలకొకసారి, మెషీన్ ప్లగ్ తీసి, లోపలి నీళ్లు చల్లారాకే విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు మరలు సరిగా కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూసుకోవాలి. వదులుగా ఉంటే మరుసటి ఉతుకులో నీళ్లన్నీ వంటింట్లోకి వస్తాయి.